కణుజు అడిగిన మాష్టారు

ఊళ్ళో ఎవరికైనా షుగరుంటే చెప్పుకుంటారు. బీపీ ఉంటే చెప్పుకుంటారు. కుళ్ళుందని మాత్రం ఒక్కరూ చెప్పుకోరు. గుడివాడలో తెలుగు పండితుడిగా రిటైరైన ఉమామహేశ్వరరావు మాష్టారికి ఆ జబ్బు వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. ఆయన బయటికి చెప్పుకోలేదు గాని, దాచుకోవడం కూడా చేతకాలేదు. ఎదుటివాడు మంచి పద్యం చదివాడంటే ఆయనకు దగ్గు వచ్చేది. ఓ మాదిరి పద్యమైతే చిన్న దగ్గు. నిజంగా గొప్ప పద్యమైతే లేచి బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావలసినంత దగ్గు. సభల్లో వెనక వరసలో కూర్చునేవాళ్ళు పద్యాన్ని వదిలేసి ఆయన దగ్గును బట్టే మార్కులు వేసుకునేవారు.

అంతమాత్రాన చెడ్డమనిషని కాదు. పుట్టింది పమిడిముక్కల దగ్గర పల్లెలో. తండ్రి గుమాస్తా. ఇంట్లో చదువు తప్ప మరో ఆస్తి లేదు. ఓరియంటల్ కాలేజీలో భాషాప్రవీణ పూర్తిచేసి ముదినేపల్లి హైస్కూల్లో చేరాడు. చేపల చెరువుల మీదుగా వచ్చే గాలిలో, కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, పిల్లలకు ఛందస్సు చెప్పాడు. ఆయన పాఠం చెబితే గురువు, లఘువు కూడా కథలో మనుషుల్లా కనిపించేవని పాత విద్యార్థులు ఇప్పటికీ అంటారు. అలాంటి మనిషికి కుళ్ళెందుకు అంటారేమో. సరిగ్గా అలాంటి మనిషికే ఉంటుంది. ఏమీ రానివాడికి ఎవర్ని చూసి ఏడవాలో ఎలా తెలుస్తుంది?

ఆయనకు అవధాని కావాలని ఉండేది. వేదిక మధ్యలో ఒక్కడు కూర్చుంటాడు. చుట్టూ పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు, ఎనిమిది మంది. ఒకడు ఈ అక్షరం వాడకూడదంటాడు, ఒకడు ఈ నాలుగు మాటలూ పద్యంలో రావాలంటాడు, ఒకడు అర్థంలేని పాదమిచ్చి అర్థం పుట్టించమంటాడు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ నాలుగుసార్లు చుట్టు తిరిగి, చివరికి పద్యాలన్నీ మొదటినుంచీ గుర్తుంచుకుని అప్పజెప్పాలి. మాష్టారు పెళ్ళి కాకముందు గుడివాడలో ఒక్కసారి ఆ మధ్య కుర్చీలో కూర్చున్నాడు. రెండో చుట్టులో నిషిద్ధాక్షరి అడిగే పెద్దాయన ఒక్క అక్షరం అడ్డం పెట్టేసరికి పాదం గొంతులోనే ఆగిపోయింది. లేచాడు, నమస్కారం పెట్టాడు, వెనక గుమ్మంలోంచి ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒకడు మాత్రం పద్యం అడగడు. వాణ్ణి అప్రస్తుత ప్రసంగి అంటారు. అవధాని దీక్షగా ఆలోచిస్తుంటే మధ్యలో దూరి, "మీ ఇంట్లో ఇవాళ కూరేమిటి?" లాంటి పిచ్చి ప్రశ్నలేసి ధ్యాస చెడగొట్టడం వాడి పని. అవధాని ఠక్కున చమత్కారంగా బదులివ్వాలి, జనం నవ్వాలి. ఆ పీట మాష్టారిదైపోయింది. బందరు, పెడన, అవనిగడ్డ, ఎక్కడ అవధానం జరిగినా అప్రస్తుతానికి ఆయన్నే పిలిచేవారు. ఎంతమంది అవధానుల్ని నవ్వించాడో, ఎంతమందిని లోలోపల తిట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. ఆ పీటకు ఒక మర్యాద ఉంది. గిలిగింత పెట్టాలి గాని గిల్లకూడదు. అన్నేళ్ళూ ఆయన ఆ మర్యాద తప్పలేదు.

తప్పించింది అపూర్వ.

అపూర్వ వాళ్ళది ఆయన వీధే. తండ్రి బ్యాంకులో పని, తల్లి అరుణకుమారి స్కూల్లో టీచరు. పిల్ల ఆరో తరగతిలో ఉండగా మాష్టారి వరండాలో పద్యాలు నేర్చుకోవడానికి వచ్చేది. మెరికలాంటి పిల్ల. మాష్టారు ఎంతో ఇష్టంగా చెప్పాడు. రెండు వేసవులు గడిచాయి. మూడో వేసవిలో రాలేదు. ఏమిటా అని ఆరా తీస్తే, ఆదివారం ఆదివారం తండ్రితో కలిసి రైలెక్కి బందరు వెళ్ళి, నరసింహారావు దగ్గర నేర్చుకుంటోందని తెలిసింది.

నరసింహారావు ఎవరనుకున్నారు? మాష్టారితో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు. ఆయనకన్నా తక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు. కాని మాష్టారు పారిపోయిన కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడు, కాలేజీ లెక్చరరై, శాలువాలు పెట్టడానికి ప్రత్యేకంగా బీరువా చేయించుకున్నవాడు. నాలుగు గుమ్మాల అవతల ఉన్న మాష్టారిని కాదని పిల్ల రైలెక్కి వాడి దగ్గరికి వెళ్ళింది. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?" అని మాష్టారు భార్యతో అన్నాడు. ఆయన భార్య శేషారత్నం మాటకు మాట అప్పు పెట్టే మనిషి కాదు.

"పొరుగిల్లు మనదే కదండీ. ఆ పిల్లకి మన కూరే పులిసిపోయినట్టుంది," అంది.

ఆ మాట ఆయనకు అరగలేదు. పిల్ల ఎందుకు మానేసిందన్నది ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు తేలేది. నరసింహారావు ఎగరేసుకుపోయాడు. విత్తనం తాను వేశాడు, పంట వాడు కోసుకున్నాడు.

పిల్ల పెద్దదైంది. విజయవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే అవధానాలు మొదలుపెట్టింది. ఆడపిల్ల, చిన్న వయసు, గంట కొట్టినట్టుండే గొంతు. జిల్లా అంతా పేరు మోగిపోయింది. సభ మొదట్లో అవధాని తన గురువును తలచుకుని ఒక పద్యం చదవడం ఆచారం. మొదటిసారి ఆమె అవధానానికి పిలుపు వచ్చినప్పుడు మాష్టారు కొత్త పంచె కట్టుకుని వెళ్ళాడు. గురుస్తుతి మొదలవగానే వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నాడు. పద్యంలో నరసింహారావు పేరు వచ్చింది. ఇంకో పేరు రాలేదు. రెండోసారి వెళ్ళాడు, రాలేదు. ఆ తర్వాత ప్రతిసారీ వెళ్ళాడు. ఒక్క పాదంలో మూలగా, గణాలకు సరిపోక ఇరికించినట్టుగానైనా తన పేరు వస్తుందేమోనని చూశాడు. ఇంకేమీ అక్కర్లేదాయనకు. శాలువా వద్దు, దండ వద్దు. ఆ గొంతులోంచి తన పేరొక్కసారి వినబడితే చాలు.

వినబడలేదు. దాంతో ఆశ కాస్తా విరిగిపోయి కసిగా మారింది. ఆమె గెలిచిన ప్రతి సభా ఆయనకు తన జేబులోంచి ఎవరో తీసుకున్నట్టనిపించేది. యూట్యూబులో ఆమె వీడియోలు చూసేవాడు, కింద జనం పెట్టిన పొగడ్తలు చదివేవాడు, చదివి ఫోను బోర్లించి పెట్టేవాడు. "కళ్ళలో నిప్పులు పోసుకోవడం ఎందుకండీ, చూడకపోతే పోయె," అనేది శేషారత్నం. చూడకుండా ఉండగలిగితే అది కుళ్ళెందుకవుతుంది?

ఈ ఏడాది మాఘమాసంలో బందరు వాళ్ళు అపూర్వకు పెద్ద అవధానం పెట్టి, బిరుదిచ్చి సన్మానం చేయాలనుకున్నారు. అప్రస్తుతానికి మామూలుగా మాష్టారికే కబురు పెట్టారు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న రోజునుంచీ ఊరి గ్రంథాలయంలో పాత నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాడు. నవ్వించే ప్రశ్న కోసం కాదు. ఆమె నోరు మూయించే మాట కోసం.

కణుజు అనే మాట అలా దొరికింది.

మన డెల్టాలో చేపకు లెక్కలేనన్ని పేర్లు. కొర్రమీను వేరు, జెల్ల వేరు, బొమ్మిడాయి వేరు. పిల్లలు కూడా పొరబడరు. అదే జింకను చూపించండి, చిన్నదైనా పెద్దదైనా, కొమ్ములున్నా లేకపోయినా జింకే. వరిచేలూ చెరువులూ తప్ప అడవి మొహం చూడని నేల ఇది. గుర్రమంత ఎత్తు, చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు ఉండే పెద్ద దుప్పి నల్లమలలో తిరుగుతుందని, దానికి తెలుగులో కణుజు అని పేరుందని ఎంతమందికి తెలుసు? తెలిసినా, ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో ఎవరికి తెలుసు? మాష్టారు కూడా ఆ జంతువును ఎన్నడూ చూసినవాడు కాదు. కాని మాట వెంట పడ్డాడు. కన్నడం చూశాడు, తమిళం చూశాడు, తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశాడు. వేటగాడికి కూడా అంత ఓపిక ఉండదు. దాని పుట్టుపూర్వోత్తరాలు చేతికందిన రోజున ఇంటికొచ్చి రెండు గారెలు ఎక్కువ తిన్నాడు.

"ఏమిటంత ఆనందం?" అంది శేషారత్నం.

"ఒక మాట దొరికిందిలే."

"ఎవరి మీద వెయ్యడానికి?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అవధానం రోజున పెడన మీదుగా బస్సులో బందరు చేరేసరికి కల్యాణమండపం నిండిపోయింది. ముందు వరసలో నరసింహారావు తెల్లటి లాల్చీలో వెలిగిపోతున్నాడు. ఎవరో వీడియోకి కెమెరాలు బిగిస్తున్నారు. అపూర్వ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చి, పృచ్ఛకులందరికీ వరసగా నమస్కారాలు పెట్టి, మాష్టారి ముందు మాత్రం వంగి కాళ్ళకు దండం పెట్టింది. "బాగున్నారా మాష్టారూ? అత్తయ్యగారు రాలేదేం?" అని అడిగింది. ఆయన "ఊఁ" అన్నాడు. గురుస్తుతి మొదలైంది. వినకూడదనుకుంటూనే విన్నాడు. నరసింహారావు పేరే. మాష్టారికి దగ్గు వచ్చింది.

మొదటి చుట్టు, రెండో చుట్టు ఆయన పద్ధతిగానే చేశాడు. "అవధానిగారూ, బందరు లడ్డూ గుండ్రంగా ఎందుకుంటుంది?" అంటే, "మూలలుంటే మీలాంటి పెద్దలు ఏ మూల కొరకాలో తేల్చుకోలేరనండీ," అంది. జనం విరగబడి నవ్వారు. నరసింహారావు తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు. ఆ చరుపు మాష్టారి చెంప మీద పడినట్టయింది.

మూడో చుట్టులో, ఆమె నిషిద్ధాక్షరికి పాదం వెతుక్కుంటూ కళ్ళు మూసుకున్నప్పుడు, ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"అవధానిగారూ, మధ్యాహ్నం భోజనంలో సాంబారు వడ్డించారా?"

"వడ్డించారండీ. ఘాటుగా ఉంది. మీరేమైనా చెయ్యి వేశారా?"

నవ్వులు.

"సాంబారు పేరుతో అడవిలో ఒక జంతువుంది. దాన్ని తెలుగులో ఏమంటారో?"

"కణుజంటారండీ. దాన్ని మాత్రం వడ్డించలేదు, బతికిపోయాం."

మళ్ళీ నవ్వులు. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపవలసిన చోటది. మాష్టారికి ఆ సంగతి తెలుసు. అయినా నవ్వులు అణిగేదాకా ఆగి, గొంతు మార్చి అడిగాడు.

"అయితే కణుజు అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? దేశ్యమా, సంస్కృతమా? దాని చుట్టాలెవరు? సెలవియ్యండి."

ఇది అప్రస్తుతం కాదు, పరీక్ష అని అందరికీ అర్థమైంది. నిర్వాహకుడొకాయన సర్దిచెప్పబోయాడు. అపూర్వ కళ్ళు తెరిచి మాష్టారి వంక చూసింది. కోపంగా కాదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు చూసింది.

"తెలియదు మాష్టారూ," అంది. "మీరే చెప్పాలి."

అవధాని నోట "తెలియదు" వినడం సభకు కొత్త. వెనకనుంచి అయ్యో అన్న మాటలు వినిపించాయి. మాష్టారికి ఇన్నేళ్ళ కడుపుమంట మీద ఎవరో కుండెడు నీళ్ళు పోసినట్టయింది. లేచి నిలబడ్డాడు.

చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఆయన మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు కూడా కుర్చీల్లో ముందుకు జరిగారు. "కణుజుకే కణితి అని, కడితి అని కూడా పేర్లున్నాయి. సంస్కృతంలో శంబరం అన్నారు. అదే ఉత్తరాదిన సాంబర్ అయి, ఇంగ్లీషువాడి నోటబడి, తిరిగి మన అడవుల్లో బోర్డుల మీదకెక్కింది. మన మాటకు దానితో సంబంధం లేదు. కన్నడం వాళ్ళు దీన్ని కడవె అంటారు. తమిళులు, మలయాళులు కడమాన్ అంటారు. కడితి, కడవె, కడమాన్. విన్నారా? ఒక తల్లి పిల్లలు! ఈ భాషలు వేరింటి కాపురాలు పెట్టకముందు, ఉమ్మడి ఇంట్లో పుట్టిన మాటండీ ఇది. పాత నిఘంటువుల్లో దొరలు తమ దేశపు పెద్ద జింక పేరు దీనికి తగిలించి ఎల్క్ అని రాసుకున్నారు. అదెవరో, ఇదెవరో! మనం కూడా అంతే, దీన్ని జింకల్లో కలిపేసి పేరే మరచిపోయాం. పేరు మరచిపోయాక అది ఎదురుగా నిలబడినా మనకు కనపడదు."

చప్పట్లు మోగాయి. అవధానికి కాదు, ఆయనకు. గుడివాడలో వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయిన మనిషికి జీవితంలో మొదటిసారి నిండు సభ చప్పట్లు కొట్టింది. అపూర్వ కూడా రెండు చేతులూ ఎత్తి కొట్టింది. తర్వాత ఆమె నిషిద్ధాక్షరి పాదం అందుకుంది, నాలుగో చుట్టు పూర్తిచేసింది, పద్యాలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పింది. బిరుదిచ్చారు. కాని జనం బయటికి నడుస్తూ మాట్లాడుకున్నది కణుజు గురించే. "అవధానిని పడగొట్టారండీ మాష్టారు!" అని ఎవరో ఆయన చెయ్యి ఊపేశారు. ఆయన మొహమాటపడుతున్నట్టు నవ్వాడు.

సాయంత్రం బస్టాండుకు నడుస్తుంటే నరసింహారావు వెనకనుంచి వచ్చి కలిశాడు. ఆయన చేతిలో ఎప్పటిలాగే శాలువా ఉంది. మొహంలో మాత్రం ఇందాకటి వెలుగు లేదు.

"ఒరే ఉమా, ఒక మాట అడుగుతాను. ఆ పిల్లకి నువ్వేం మందు పెట్టావురా?"

"నేనా? పెట్టింది నువ్వు. నేనయితే దాని నోట తెలియదనిపించాను," అన్నాడు మాష్టారు. దాచుకుందామన్నా గొంతులో సంబరం ఆగలేదు.

"నీ మొహం. దానికి తెలుసురా ఆ మాట."

మాష్టారు ఆగిపోయాడు.

"కార్తీకంలో అవనిగడ్డలో దత్తపదికి ఇర్రి, లేడి, దుప్పి, కణుజు ఇచ్చారు. నువ్వు జ్వరమని రాలేదు, వీడియో తీసినవాళ్ళూ లేరు. నేనక్కడే ఉన్నాను. పద్యం చెప్పాక కణుజు పుట్టుక గురించి, ఎవరూ అడక్కపోయినా, నువ్వు చెప్పిందంతా చెప్పింది. ఇంకా ఎక్కువే చెప్పింది. ఇవాళ నీ ముందు ఏమీ ఎరగనట్టు కూర్చుంది." నరసింహారావు శాలువా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇన్నేళ్ళు నేర్పాను. నా దగ్గర ఏనాడూ ఒక్క మాటకైనా ఓడిపోలేదు. నేను తప్పు చెబితే నలుగురిలోనూ దిద్దింది. నీకు మాత్రం నిండు సభలో, బిరుదు తీసుకునే రోజున ఓడిపోయింది. నాకు కడుపు మండిపోతోందిరా, నిజం చెబుతున్నాను."

నరసింహారావు తన మీద కుళ్ళుకోవాలని ఆయన ఎన్నేళ్ళు కోరుకున్నాడో! అది ఇవాళ ఎదురుగా నిలబడి ఒప్పుకుంటుంటే నోట్లో కాస్త కూడా తీపి లేదు. బస్సెక్కాక మొదట అవమానమనిపించింది. చప్పట్లు బిచ్చమేసిందన్నమాట, ముసలాడు కదా పోనీలే అని! గుడ్లవల్లేరు దాటేసరికి ఆ అవమానం కోపమైంది. ఇంటికి వెళ్ళేసరికి శేషారత్నం ఫోనులో సభంతా చూసి కూర్చుంది.

"బాగా చెప్పారండీ. కాని ఆ పిల్ల మొహం చూశారా? చిన్నప్పుడు మన వరండాలో కూడా అచ్చం అలాగే కూర్చునేది," అంది.

ఆయన అన్నం సరిగా తినలేదు.

మర్నాడు ఆదివారం. అపూర్వ తల్లిదండ్రుల దగ్గరే ఉందని తెలుసు. పొద్దున్నే చొక్కా వేసుకుని నాలుగు గుమ్మాలు దాటి వెళ్ళాడు. అరుణకుమారి, "రండి అన్నయ్యగారూ, నిన్న అదరగొట్టేశారట!" అంటూ కుర్చీ వేసి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. అపూర్వ తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కూర్చోలేదు.

"నీకు తెలుసట కదమ్మా. ఎందుకు తెలియదన్నావు? నా మీద జాలా?"

ఆమె తువ్వాలు భుజం మీద వేసుకుంది. బొంకుదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది. తర్వాత మానుకుంది.

"జాలి కాదు మాష్టారూ. అలవాటు."

"అలవాటేమిటి?"

"మీకు గుర్తుండదులెండి. ఒకసారి మీరు సమస్య ఇచ్చి, మీరు పూరించేలోగా నేను పూరించేశాను. ఆరో క్లాసులో. అందరూ చప్పట్లు కొట్టారు. మీరేమీ అనలేదు. మర్నాటినుంచి ఏదడిగినా, 'నీకన్నీ వచ్చుగా, నువ్వు కూర్చో' అనేవారు. మిగతా పిల్లలకే చెప్పేవారు. వారంపాటు ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత కిటుకు కనిపెట్టాను. మీరేదడిగినా, తెలిసినా సరే, తెలియదు మాష్టారూ అనేదాన్ని. అప్పుడు మీ మొహం వెలిగిపోయేది. ఎంత బాగా చెప్పేవారో! మీరు చెప్పినంత బాగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. నిన్న కూడా మీరు అడిగిన తీరు చూడగానే ఆ మాటే వచ్చేసింది. అనుకుని అన్నది కాదు."

మాష్టారు కుర్చీ వీపు పట్టుకున్నాడు. గుర్తుంది. నిజానికి ఆయనకు బాగా గుర్తుంది. పిల్ల చెప్పిన పూరణ తన మనసులో తయారవుతున్న దానికన్నా బాగుందని, ఆ వేళ తనకు దగ్గు వచ్చిందని కూడా గుర్తుంది. పదకొండేళ్ళ పిల్ల మీద.

"అందుకని మానేశావా?"

"నరసింహారావు మాష్టారు మీకన్నా గొప్పగా చెబుతారని వెళ్ళలేదు. అక్కడ తెలుసంటే పక్కన కూర్చోబెట్టరని వెళ్ళాను." ఆమె గొంతు తగ్గించింది. "మీ పేరు పద్యంలో పెడదామని చాలాసార్లు కూర్చున్నానండీ. పెట్టబోతే ఏడుపొచ్చేది. ఆపేసేదాన్ని."

అరుణకుమారి కాఫీ గ్లాసులు తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మాష్టారు అప్పుడు కూర్చున్నాడు. ఇంతకాలం నరసింహారావు ఎత్తుకుపోయాడనుకున్నదాన్ని తానే గుమ్మంలోంచి గెంటేశాడన్నమాట. ఆయనకు సిగ్గేసింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. వెనక గుమ్మం ఎటుందా అని చూశాడు కూడా. వెళ్ళలేదు.

"అవనిగడ్డలో నాకన్నా ఎక్కువే చెప్పావట. ఏమిటది? చెప్పు," అన్నాడు.

"మీరు చెప్పిందే మాష్టారూ. ఇంకేం లేదు."

"చెప్పమంటున్నాను కదా."

ఆమె తడుముకుంటూ మొదలుపెట్టింది. "కడమాన్ అని చెప్పారు కదా. తమిళంలోనే కడమా అని ఇంకో మాట ఉందట. అది దుప్పి కాదు, అడవి పశువు. అడవిదున్నలాంటిది. రెండు మాటలూ ఒకటేలా ఉన్నాయి. మనం మృగమంటే ఓసారి జంతువనీ, ఓసారి లేడి అనీ అర్థం చెప్పుకోవడం లేదూ? అలాగే మొదట్లో కొమ్ములున్న ప్రతి పెద్ద అడవి జంతువుకూ ఈ మాటే వాడి ఉంటారేమో, తర్వాత ఒక్కో ఇంట్లో ఒక్కోదానికి స్థిరపడిందేమో అని… ఇది నా ఊహే అనుకోండి."

మాష్టారు ఇది ఎక్కడా చూడలేదు. ఎన్ని నిఘంటువులు తిరగేసినా ఈ వైపు ఆలోచన పోలేదు. బాగుంది. చాలా బాగుంది. గొంతులో దగ్గు కదిలింది. "ఆఁ, అది నాకూ తెలుసులే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీ ఒక గుక్క తాగి, దగ్గునూ మాటనూ కలిపి మింగేశాడు.

"నాకిది తెలియదమ్మా," అన్నాడు.

అపూర్వ ఠక్కున ఆగిపోయింది. తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ, కోపం వచ్చిందేమోనని భయంభయంగా ఆయన మొహంలోకి చూసింది. ఆమెకు ఎవరెవరు ఏమేం నేర్పినా, ఆ చూపు మాత్రం పూర్తిగా ఆయన నేర్పిందే. మాష్టారు తల దించుకున్నాడు.

"ఇంకా చెప్పు, వింటున్నాను," అన్నాడు.